అతుకుల వయసు

కర్మాగారంలో ముందుగా తయారైన భాగాలను లారీల మీద తెచ్చి, నిర్మాణ స్థలంలో బోల్టులతోనో, వెల్డింగుతోనో, గ్రౌటు అనే జారుడు సిమెంటు మిశ్రమంతోనో ఒకదానికొకటి బిగించి నిలబెట్టే ఇంటిని ఇంజనీర్లు మాడ్యులర్ ఇల్లు అనీ, ప్రీఫ్యాబ్ ఇల్లు అనీ అంటారు. తెలుగులో దానిని కూర్పు ఇల్లు అనవచ్చు. ఇలాంటి ఇంటికి కావలసిన గోడ పలకలు, పైకప్పు పలకలు, స్తంభాలు నీడపట్టున, అచ్చుల్లో, పర్యవేక్షణ కింద తయారవుతాయి కాబట్టి వాటి నాణ్యతలో హెచ్చుతగ్గులు తక్కువగా ఉంటాయి. వాటిని కలిపే అతుకు మాత్రం ఎండలో, గాలిలో, పని త్వరగా ముగించాలన్న ఒత్తిడిలో చేతిపనిగా పూర్తవుతుంది. అందువల్ల ఒకే రోజున గృహప్రవేశం జరిగిన ఇంటిలో రెండు వేర్వేరు ఆయుర్దాయాలు ఇమిడి ఉంటాయి: పలక యాభై, అరవై ఏళ్ళు నిలవగలిగినదైనా, అతుకులోని రబ్బరు, సీలెంటు, స్క్రూ పది నుంచి ఇరవై ఏళ్ళలోపే పట్టు కోల్పోతాయి. కూర్పు ఇల్లు దశాబ్దాలను ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆ అతుకు కంటికి కనబడుతుందా, చేతికి అందుతుందా, ఆ ఊళ్ళో ఉండే మేస్త్రీ, వెల్డరు దానిని బాగుచేయగలరా అన్న విషయాల మీద ఆధారపడి ఉంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతంలో, నాందేడ్ జిల్లాకు చెందిన ముఖేడ్ తాలూకా తగిన ప్రదేశం. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండి, నేడు తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ ప్రాంతం బాలాఘాట్ కొండల మీద, దక్కన్ లావా రాతి పీఠభూమిపై ఉంది. వేసవిలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుతుంది, చలికాలపు తెల్లవారుజామున 12 డిగ్రీలకు దగ్గరగా పడిపోతుంది, వాన దాదాపు మొత్తం నాలుగు నెలల్లోనే కురుస్తుంది, నేలలో అధికభాగం నల్లరేగడి. వేడికి వ్యాకోచం, చలికి సంకోచం, వానకు తుప్పు, నేల కదలిక అనే నాలుగు శక్తులూ ఇక్కడ ఒకే ఇంటి మీద ఏటా పనిచేస్తాయి.

భాగాలను కూర్చి ఇల్లు కట్టడం ఈ నేలకు కొత్త సంగతి కాదు. మరాఠ్వాడాలో మాళవద్ అని పిలిచే పాత మట్టిమిద్దె ఇల్లు చెక్క స్తంభాలు, దూలాలు, వాసాల చట్రం మీద నిలుస్తుంది. దాని పరిమాణాన్ని ఖణాల్లో లెక్కిస్తారు. తెలుగునాట ఇంటిని అంకణాల్లో లెక్కించిన పద్ధతికీ ఇదే ఆధారం, అంటే స్తంభానికీ స్తంభానికీ నడుమ దూలం దాటగలిగిన దూరం. వడ్రంగి ఆ కొలతకు కలపను ముందుగా చెక్కి, కుసిని తొలిచిన గాడిలో దించి, మేకుల అవసరం పెద్దగా లేకుండా చట్రాన్ని నిలబెట్టేవాడు. కుటుంబం పెరిగితే ఇంకో ఖణం చేరేది, దూలం పుచ్చితే ఆ ఒక్క దూలమే మారేది. చట్రం చుట్టూ నల్లరాయి, మట్టి అడుసుతో అడుగున్నర నుంచి మూడు అడుగుల వరకు మందం గల గోడ లేచేది. పైన పలకలు పరచి, వాటి మీద ఎండనూ వాననూ ఆపడానికి మట్టి వేసేవారు.

ఈ ఇంటి ముసలితనం దాని సంరక్షణ నుంచే వచ్చిందన్నది గమనించదగిన విషయం. మిద్దె కారకుండా ఉండాలని వానాకాలానికి ముందు కొత్త మట్టి పరచడం ఆనవాయితీ కాగా, పాత మట్టిని తీసివేయడం మాత్రం అంతగా జరిగేది కాదు, కాబట్టి తరాలు గడిచేకొద్దీ కప్పు మందం పెరుగుతూ పోయింది. అరమీటరు మందం మట్టి చదరపు మీటరుకు 800 నుంచి 900 కిలోల బరువు తూగుతుంది. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు 300 కిలోలకు కొంచెం పైన, అర మిల్లీమీటరు ఇనుప రేకు అయిదు కిలోలకు అటూ ఇటూ మాత్రమే ఉంటాయి. గోడ విషయంలో మరో లోపం దాగి ఉండేది: బయటి ముఖానికి ఒక రాతి వరుస, లోపలి ముఖానికి మరో వరుస పేర్చి, నడుమ గులకరాళ్ళు, మట్టి నింపడమే గాని, రెండు వరుసలనూ కలిపి పట్టే, గోడ మందమంతా సాగే కట్టురాళ్ళు చాలా ఇళ్ళలో ఉండేవి కావు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు ముఖేడ్‌కు నైరుతి దిక్కున నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కిల్లారి వద్ద 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి, లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 10,000 మందిని బలి తీసుకున్నది. ఆ తీవ్రతకు ఇంతమంది చనిపోవడానికి కారణం ఈ గోడలే: కట్టురాయి లేని రెండు రాతి వరుసలు విడిపోయి ఉబ్బి కూలాయి, వాటితోపాటు మట్టి కప్పు నిద్రలో ఉన్నవారి మీద పడింది. కప్పు బరువును గోడలకు వదలకుండా చెక్క చట్రమే మోసిన ఇళ్ళలో కొన్ని మాత్రం గోడలు రాలిపోయినా చట్రం, కప్పు నిలిచే ఉన్న తీరును పరిశీలకులు నమోదు చేశారు. చెక్క అతుకు కొంత ఊగి, ఆ కదలికలో భూకంప శక్తిని ఖర్చు చేయగలిగింది. మట్టి అతుకుకు ఆ శక్తి లేకపోయింది. ఒకే ఇంటిలో రెండు రకాల అతుకులు ఒకే రాత్రి పరీక్షకు నిలబడ్డాయి.

భూకంపం తరువాత ప్రపంచ బ్యాంకు రుణంతో, స్వచ్ఛంద సంస్థల విరాళాలతో జరిగిన పునర్నిర్మాణంలో 52 గ్రామాలను కొత్త స్థలాలకు తరలించారు. ఎక్కువ చోట్ల కాంక్రీటు దిమ్మెల గోడలు, కాంక్రీటు స్లాబులు వచ్చాయి. గుబాల్ గ్రామంలో గుమ్మటం ఆకారపు జియోడెసిక్ ఇళ్ళు లేచాయి. జియోడెసిక్ గుమ్మటం అంటే త్రిభుజాలను అంచుకు అంచు చేర్చి అర్ధగోళంగా తీర్చే నిర్మాణం. తక్కువ పదార్థంతో ఎక్కువ చోటును కప్పుతుంది, భూకంపాన్ని బాగా తట్టుకుంటుంది. గణితం ప్రకారం దానికి వంక పెట్టలేము. అయితే దాని గోడకు బీరువా ఆనదు, అలమర అమరదు, పక్కన మరో గది చేర్చాలంటే వంపు అడ్డుపడుతుంది, త్రిభుజాల అంచులన్నీ వానకు ఎదురుగా ఉంటాయి. కొడుకు పెళ్ళికి ఒక గదిని, పశువులకు ఒక పాకను చేర్చుకుంటూ పోయే మరాఠ్వాడా కుటుంబానికి పెరగలేని ఇల్లు తొందరగా పాతబడుతుంది. భూకంప భద్రతను ఇంత శ్రద్ధగా లెక్కించినవారు ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు బతకవలసినవారిని ఇంకాస్త ముందుగా అడిగి ఉండవలసింది.

నేడు ముఖేడ్ వంటి తాలూకా కేంద్రాల్లో కూర్పు ఇంటికి అత్యంత సామాన్యమైన రూపం ఇనుప గొట్టాల చట్రానికి రేకులు బిగించిన రేకుల ఇల్లు. కప్పు బరువు అనే పాత ప్రమాదం ఇక్కడ తలకిందులైంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 55 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడిని కలిగించగలదు; అయిదు కిలోల రేకును గాలి పైకి లేపకుండా ఆపేది దాని బరువు కాదు, స్క్రూలు మాత్రమే. ఆ స్క్రూలు పట్టు కోల్పోయే క్రమాన్ని లెక్కకట్టి చూడవచ్చు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతుల్లో పన్నెండు వంతులు పెరుగుతుంది. చలికాలపు వేకువన 15 డిగ్రీల దగ్గర ఉండే ఆరు మీటర్ల రేకు వేసవి మధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరితే, దాని పొడవు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే అల్యూమినియం రేకైతే ఏడున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఒక్క రోజులోనే పగటికీ రాత్రికీ మధ్య మూడు మిల్లీమీటర్ల దాకా కదలిక ఉండవచ్చు. ముప్పై ఏళ్ళలో ఇది దాదాపు 11,000 సార్లు జరుగుతుంది. ప్రతిసారీ రేకు స్క్రూ చుట్టూ ఒరుసుకుంటుంది, గుండ్రటి రంధ్రం కోలగా సాగుతుంది, స్క్రూ తల కింద ఉన్న రబ్బరు వాషరు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బిరుసెక్కి పగులుతుంది, ఆ పగులులోంచి మొదటి వాన లోపలికి దిగుతుంది. ఏడో ఏటనో, పదో ఏటనో కారడం మొదలైతే ఇంటివారు రేకును నిందిస్తారు గాని, మార్చవలసింది ఆ వాషరును.

రేకు తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీద ఉండే జింకు పూత. జింకు ఉక్కు కన్నా ముందు తానే క్షీణిస్తూ ఉక్కును కాపాడుతుంది, కాబట్టి పూత మందమే రేకు ఆయుర్దాయం. దుకాణాల్లో జీఎస్‌ఎం అని చెప్పే అంకె చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల జింకు ఉందో తెలుపుతుంది. 275 జీఎస్‌ఎం రేకు మీద ఒక్కొక్క వైపు 19 మైక్రాన్ల పూత, అంటే మిల్లీమీటరులో వెయ్యి వంతుల్లో పంతొమ్మిది వంతులు ఉంటుంది. 120 జీఎస్‌ఎం రేకు మీద ఎనిమిది మైక్రాన్లే ఉంటుంది. సముద్రానికి దూరంగా, పరిశ్రమల పొగ తక్కువగా ఉండే ముఖేడ్ వంటి చోట జింకు ఏడాదికి అర మైక్రాను అరిగిందనుకుంటే మొదటి రకం రేకు నలభై ఏళ్ళకు దగ్గరగా, రెండోది పదహారేళ్ళు ఉక్కును కాపాడుతుంది. అవే రేకులు విశాఖపట్నం తీరంలో ఉప్పుగాలికి ఏడాదికి మూడు మైక్రాన్లు కోల్పోతే ఒకటి ఆరేళ్ళలో, రెండోది మూడేళ్ళలోపే పూతను పోగొట్టుకుంటాయి. కొనేవారు రేకు మందాన్ని, రంగును, ధరను అడుగుతారు. ఇంటి వయసును నిర్ణయించే జీఎస్‌ఎం అంకెను అడిగేవారు తక్కువ. అది ప్రతి రేకుల ఇంటివారికీ తెలిసి ఉండవలసిన అంకె. ఎంత మంచి పూత ఉన్న రేకులోనైనా, అక్కడికక్కడ కోసిన అంచు, వెల్డింగు చేసిన చోటు జింకు లేకుండా మిగిలిపోతాయి. తుప్పు ఎప్పుడూ అక్కడి నుంచే, అంటే మళ్ళీ అతుకు నుంచే, బయలుదేరుతుంది.

రెండు రేకుల మధ్య నురుగును నింపి తయారుచేసే శాండ్‌విచ్ ప్యానెల్ వేడిని బాగా ఆపుతుంది కాబట్టి మరాఠ్వాడా ఎండకు నప్పుతుంది. కాని దాని వృద్ధాప్యం కంటికి కనబడదు. పాలీయురెథేన్ నురుగు గదుల్లో చిక్కుకున్న ప్రత్యేక వాయువు మెల్లగా బయటికి పోయి దాని స్థానంలో గాలి చేరుతుంది, కాబట్టి మొదట్లో మీటరుకు, డిగ్రీకి 0.022 వాట్ల దగ్గర ఉన్న ఉష్ణవాహకత కొన్నేళ్ళకు 0.027 వరకు పెరుగుతుంది. ఇల్లు చెక్కుచెదరకుండానే మునుపటి కన్నా వేడెక్కడం మొదలవుతుంది. బయటి రేకు ఎండకు సాగి, లోపలి రేకు నీడలో అలాగే ఉండటంతో ప్యానెల్ విల్లులా వంగుతూ, రెండింటినీ పట్టి ఉంచిన జిగురును రోజూ లాగుతుంది. 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకాలోని హస్నాళ్, రావణ్‌గావ్ వంటి గ్రామాలు కుండపోత వర్షంతో వచ్చిన వరదలో మునిగాయి. ఇలాంటి ముంపు ఉన్నచోట ప్యానెల్ నిలబడిన అడుగు పట్టీలోకి చేరిన నీరు బయటికి పోయే రంధ్రం లేకపోతే నెలల తరబడి లోపలే ఉండి, గోడను కింది అంచు నుంచి తినివేస్తుంది.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష నేలది. నల్లరేగడిలోని స్మెక్టైట్ జాతి బంకమన్ను తన పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత పగుళ్ళు విడుస్తుంది. ఈ కదలిక సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకు ఉంటుందని భారతీయ ఇంజనీర్ల అనుభవం. బరువైన ఇల్లు నేల ఉబ్బును కొంత అణచిపెట్టగలదు. తేలికపాటి కూర్పు ఇంటికి ఆ బరువు లేదు, కాబట్టి నేల దానిని సులభంగా పైకి నెడుతుంది. పైగా వాన నీరు చూరు వెంట పడి ఇంటి అంచుల కింద నేలను తడుపుతుంది గాని నడిమి భాగాన్ని తడపదు, అందుచేత వానాకాలంలో అంచులు లేస్తాయి, వేసవిలో దిగుతాయి. మేస్త్రీ కట్టిన ఇటుక గోడలో ఈ కదలిక పగులుగా బయటపడుతుంది. కూర్పు ఇంటిలో పలకలు పగలవు; వాటి మధ్య సందు పైన వెడల్పై కింద ఇరుకవుతుంది, తలుపు బిగుసుకుంటుంది, సీలెంటు ఒక అంచున ఊడిపోతుంది. దీనికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్ అనే పునాది పద్ధతి చక్కని పరిష్కారం: కదలిక లేని లోతు వరకు గొయ్యి తవ్వి, దాని అడుగును కాండం కన్నా రెండున్నర రెట్ల వెడల్పున గుబ్బలా విస్తరించి కాంక్రీటు నింపితే, పైన నేల ఎంత ఉబ్బినా ఆ గుబ్బ లంగరులా పట్టి ఉంచుతుంది. అంత ఖర్చు భరించలేని ఇంటికి చుట్టూ మీటరున్నర వెడల్పున బయటికి వాలు పెట్టిన గచ్చు, చూరు నీటిని దూరంగా తీసుకుపోయే కాలువ ఎంతో మేలు చేస్తాయి. గోడకు ఆనించి చెట్టు నాటకపోవడమూ అంతే ముఖ్యం, ఎందుకంటే వేర్లు వేసవిలో నేల తేమను పీల్చి ఒక మూలను మాత్రమే దించివేస్తాయి.

కాంక్రీటు పలకల ఇల్లు ఈ బాధలను ఎక్కువకాలం ఓర్చుకుంటుంది, కాని దాని గడియారం కూడా నడుస్తూనే ఉంటుంది. తాజా కాంక్రీటు గట్టి క్షారగుణం కలిగి ఉండి, లోపలి ఇనుప చువ్వల మీద తుప్పును ఆపే సన్నని పొరను నిలిపి ఉంచుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడి సున్నంతో కలిసి ఆ క్షారగుణాన్ని తగ్గించే చర్యను కార్బనీకరణం అంటారు. ఇది లోపలికి సాగే లోతు కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది: పదేళ్ళలో పది మిల్లీమీటర్లు లోపలికి వెళితే, ఇరవై మిల్లీమీటర్లు వెళ్ళడానికి నలభై ఏళ్ళు పడుతుంది. పలకలో చువ్వ మీద పదిహేను, ఇరవై మిల్లీమీటర్ల కాంక్రీటే ఉన్నప్పుడు ఒక్క అయిదు మిల్లీమీటర్ల పొదుపు పదిహేనేళ్ళకు పైగా ఆయువును తగ్గిస్తుంది. చువ్వ తుప్పు పట్టగానే ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమించి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. కొత్తగా విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలిన భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన భాగం రంగు మారదు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో దొరికే ఈ ద్రావణంతో ఒక ఇంటి కాంక్రీటు ఎంత ముదిరిందో చూడవచ్చు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తరువాత కట్టిన ఎయిరీ రకం ఇళ్ళ కాంక్రీటు స్తంభాలు ఈ విధంగానే పగులుతున్నట్టు 1980ల తొలి ఏళ్ళలో తేలడంతో, ఆ ఇళ్ళు కొనుక్కున్నవారికి సహాయం చేయడానికి 1984లో ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

అతుకు ఎంత ముఖ్యమో తెలిపిన ఘటనలు ఇంకా ఉన్నాయి. 1968 మే 16న లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్ భవనంలో పద్దెనిమిదో అంతస్తున గ్యాస్ పేలి ఒక గోడ పలక ఎగిరిపోగానే, పలకల మధ్య సరైన కట్టు లేనందువల్ల ఒక మూల మొత్తం పై నుంచి కింది వరకు కూలి నలుగురు మరణించారు. 1986లో దానిని విడదీసినప్పుడు కొన్ని అతుకుల్లో మోర్టారుకు బదులు వార్తాపత్రికల కాగితాలు కనిపించాయి. 1988 డిసెంబరు 7న ఆర్మీనియాలో వచ్చిన భూకంపంలో, ముందుగా పోతపోసిన స్తంభాలు, దూలాలు కూర్చిన భవనాలు లెనినాకాన్ నగరంలో పెద్ద సంఖ్యలో కూలగా, పెద్ద పలకలతో కట్టినవి ఎక్కువగా నిలిచాయి. మొదటి రకంలో భూకంప బలమంతా కొద్దిపాటి బలహీనమైన కీళ్ళ మీద పడింది, రెండో రకంలో పొడవైన అంచులన్నిటి మీదా పంచుకోబడింది. 2001 జనవరి 26న గుజరాత్‌లో వచ్చిన భూకంపంలో, ముందుగా తయారైన భాగాలతో కట్టిన పాఠశాలల పైకప్పు పలకలు జారిపడ్డాయి, కారణం వాటిని గోడలకు, ఒకదానితో మరొకదానిని బిగించే కట్టు చాలకపోవడమే. అది గణతంత్ర దినోత్సవం కావడంతో ఎందరో పిల్లలు ఆ కప్పుల కింద లేరు.

అతుకు మంచిదైనా దానిని విప్పే దారి లేకపోతే ఇల్లు ముసలిదవుతుందనడానికి టోక్యోలోని నకగిన్ క్యాప్సూల్ టవర్ ఉదాహరణ. కిషో కురొకావా రూపొందించగా 1972లో పూర్తయిన ఆ భవనంలో 140 పెట్టె గదులు రెండు కాంక్రీటు స్తంభాలకు బోల్టులతో వేలాడేవి; పాతికేళ్ళకొకసారి పాత పెట్టెను తీసి కొత్తది బిగించాలన్నది ఆలోచన. కాని కింది పెట్టెను తీయాలంటే పైవాటిని ముందు తీయాలి, అందుకు యజమానులందరూ ఒప్పుకోవాలి, ఖర్చు పంచుకోవాలి. ఒక్క పెట్టె కూడా మారలేదు. 2022లో భవనాన్ని విప్పివేసి, 23 పెట్టెలను మాత్రం భద్రపరిచారు. ఇందుకు భిన్నంగా, యుద్ధానంతర బ్రిటన్‌లో పదేళ్ళ కోసమని నిలబెట్టిన 1,56,623 తాత్కాలిక ఇళ్ళలో కొన్ని అరవై ఏళ్ళు దాటి నిలిచాయి. లండన్‌లోని ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్‌లో 1945-46లో వచ్చిన ఇళ్ళు చెక్క చట్రానికి ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు తొడిగినవి, పదార్థపరంగా సామాన్యమైనవి. వాటిని ఇష్టపడిన కుటుంబాలు చూరును, కిటికీలను, తోటను చూసుకుంటూ వచ్చాయి. 2009లో ఆరింటికి వారసత్వ కట్టడాల గుర్తింపు లభించింది.

భారతదేశంలో దేశ విభజన తరువాత శరణార్థుల కోసం ఢిల్లీలో పెట్టిన ప్రభుత్వ గృహ కర్మాగారం తేలిక కాంక్రీటు పలకలు పగుళ్ళు విడవడంతో మొదట్లోనే దెబ్బతిన్నది. 1953లో సంస్థగా మారి, 1978లో హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ అనే పేరుతో వేరే ఉత్పత్తుల్లో కొనసాగింది. ఆ తరువాత కూర్పు ఇంటి మీద దేశం పెద్దయెత్తున దృష్టి పెట్టిన ఒక సందర్భం 2021 జనవరి 1న ఇందౌర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, లక్నో, అగర్తలలో లైట్ హౌస్ ప్రాజెక్టులు అనే ప్రభుత్వ గృహ నిర్మాణాలకు జరిగిన శంకుస్థాపన. ఇందౌర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్ళు, చెన్నైలో ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలు, రాంచీలో గదులకు గదులే పెట్టెలుగా, అగర్తలలో సన్నని ఉక్కు చట్రం వాడారు. ఒక్కో చోట వెయ్యి లేదా అంతకు పైచిలుకు ఇళ్ళు, వేర్వేరు వాతావరణాలు, వేర్వేరు అతుకులు ఉన్నాయి కాబట్టి ఇవి వచ్చే ముప్పై ఏళ్ళకు సహజమైన ప్రయోగశాలలు కాగలవు.

ఆ ప్రయోగం ఫలించాలంటే ఇల్లు కొత్తగా ఉన్నప్పటి కొలతలు ఇప్పుడే రాసిపెట్టి ఉండాలి. ఎంపిక చేసిన అతుకుల వద్ద సందు వెడల్పు వేసవిలో ఎంత, వానాకాలంలో ఎంత అన్నది, పైకప్పు రేకు జీఎస్‌ఎం ఎంత, చువ్వ మీద కాంక్రీటు మందం ఎంత, సీలెంటు ఏ రకం, ఏ సంవత్సరంలో వేశారు, ఏ బోల్టు దగ్గరికి ఏ గదిలోంచి చేరవచ్చు అన్నవి ఒక పుస్తకంలో నమోదై, ఆ పుస్తకం ఇంటి తాళంతోపాటు కుటుంబం చేతికి, దాని నకలు గ్రామ పంచాయతీకి గాని పురపాలక సంఘానికి గాని అందాలి. సందు మీద అడ్డంగా అంటించిన సన్నని గాజు ముక్క పగిలితే అతుకు కదిలిందని తెలుస్తుంది. ముఖేడ్‌లో పదో తరగతి చదివే పిల్ల కూడా మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఆ గాజును చూసి పుస్తకంలో తేదీ వేయగలదు.